వడ్రంగి మిషన్లు జరపడం, బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు ఇప్పుడు చిన్న వడ్రంగి కార్ఖానాల్లో కూడా బ్యాండ్‌సా, సర్క్యులర్ సా, చెక్కను చిత్రిక పట్టే రందా మిషన్, లేత్ కనిపిస్తున్నాయి. చాలామంది హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌వి కొని డీసీఎంలో వేసుకొస్తారు. కొనేటప్పుడు మోటారు చూస్తారు, బేరింగులు చూస్తారు, బేరం ఆడతారు. ఎట్లా దించాలన్నది మాత్రం బండి షెడ్డు ముందు ఆగాకే గుర్తొస్తుంది. దెబ్బలు తగిలేది ఆ గంటలోనే. మిషన్లు దించి బిగించే పనిలో మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు ఇక్కడ రాస్తున్నాం.

హైడ్రా క్రేన్ పిలవాలా? మనుషులు సరిపోరా?

బరువును బట్టి ఉంటుంది. అంతకంటే ఎక్కువగా మిషన్ ఎత్తును బట్టి ఉంటుంది. 200 కిలోల లోపు బరువు, నడుము ఎత్తు ఉన్న మిషన్ అయితే తెలిసిన నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు, నాలుగు ఇనుప పైపులతో పని అయిపోతుంది. 500 కిలోలు దాటినా, మనిషి కంటే ఎత్తున్న బ్యాండ్‌సా అయినా హైడ్రా పిలవండి. అద్దె ఎక్కువ అనిపిస్తుంది కానీ, బీడు (పోత ఇనుము) టేబుల్ ఒక్కసారి పగిలితే దానికి వెల్డింగ్ సరిగ్గా నిలవదు, ఆ పాత మోడల్‌కు కొత్త టేబుల్ దొరకదు.

హైడ్రా పిలిచే ముందు తల పైకెత్తి చూడండి. మన ఊళ్లలో షెడ్ల ముందు రోడ్డు పక్కనే కరెంటు తీగలు పోతుంటాయి. హైడ్రా చెయ్యి (బూమ్) తీగకు తగలక్కర్లేదు, 11 కేవీ లైను దగ్గరికి పోయినా ప్రమాదమే. లైను కింద దించాల్సి వస్తే బండిని ఇంకో చోట ఆపి అక్కడ దించండి. అది కుదరకపోతే లైన్‌మన్‌తో మాట్లాడి సప్లై బంద్ చేయించాకే పని మొదలుపెట్టండి. ఇంకొకటి, హైడ్రా చాలా షెడ్లలోకి దూరదు. దర్వాజ దగ్గర దించి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి లోపలికి జరపడం మీ పనే, కాబట్టి పైపులు, గడ్డపారలు ఎట్లాగూ సిద్ధంగా ఉండాలి.

మిషన్ ఎంత బరువుందో ఎట్లా తెలుస్తుంది?

మొదట నేమ్ ప్లేటు చూడండి. మోటారు ప్లేటు కాదు, మిషన్ బాడీ మీద ఉండేది. అది ఊడిపోయి ఉంటే ధర్మకాంటా మీద తేల్చుకోవచ్చు: ఖాళీ బండి ఒకసారి, మిషన్ ఎక్కించాక ఒకసారి. మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఉన్నందువల్ల ధర్మకాంటాలకు కొదవ లేదు, మిగతా పట్టణాల్లోనూ దొరుకుతాయి. డ్రైవర్‌కు, హైడ్రా ఆపరేటర్‌కు అందాజాగా కాకుండా ఆ చీటీలో ఉన్న బరువే చెప్పండి.

ధర్మకాంటా దాకా పోయే వీలు లేకపోతే లెక్క కట్టండి. బీడు ఒక ఘనపు మీటరుకు సుమారు 7,200 కిలోలు తూగుతుంది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి బీడు టేబుల్ ఒక్కటే 90 కిలోలు. చూడ్డానికి చిన్న పలకలా ఉంటుంది, ఇద్దరు లేపలేరు. స్టాండు, మోటారు, కత్తులు బిగించే కట్టర్ బ్లాకు, పుల్లీలు అన్నీ ఇట్లాగే వేసుకుని, వచ్చిన దానికి ఇంకో నాలుగో వంతు కలిపి సామాన్లు తెచ్చుకోండి.

కదిలించే ముందు ఏమేం విప్పాలి?

ముందు కరెంటు. స్విచ్ ఆపితే సరిపోదు. మెయిన్ ఫ్యూజులు పీకి పని నడిపించే మనిషి తన జేబులో పెట్టుకోవాలి, ఆ తర్వాతే వైర్లు విప్పాలి. విప్పిన వైర్ల కొసలకు టేపు చుట్టి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టండి.

తర్వాత బ్లేడు తీసేయండి. బ్యాండ్‌సా బ్లేడు తీసేటప్పుడు ముందు టెన్షన్ వదలాలి, లేకపోతే పాములా ఎగురుతుంది. రందా మిషన్‌లో కట్టర్ కత్తులు తీయడం మేలు. తీయలేకపోతే గార్డు మూసి, దాని మీద మందపాటి గోనె సంచి చుట్టి కట్టండి. చెక్క మందాన్ని సమం చేసే తిక్‌నెస్ ప్లేనర్‌లో టేబుల్‌కూ తలకూ మధ్య ఒక చెక్క ముక్క పెట్టి టేబుల్‌ను మెల్లగా దానికి ఆనించండి, దారిలో కుదుపులకు స్క్రూ పళ్లు దెబ్బతినవు. ఫెన్సు, గైడు, విప్పడానికి వీలైన టేబుళ్లు, మోటారు అన్నీ విడిగా పోవాలి. మోటారు తీసేస్తే బరువు తగ్గడమే కాదు, మిషన్ ఒక పక్కకు వాలడమూ తగ్గుతుంది.

తలుపులు, మూతలు, జారే భాగాలు ఉంటే తాడుతో కట్టేయండి. సగం దూరం పోయాక బ్యాండ్‌సా తలుపు ఊగి తెరుచుకుంటే అందరి చూపూ, ఆపై అందరి చేతులూ అటే పోతాయి.

ఎక్కడ పట్టుకుని ఎత్తాలి?

బాడీకి. టేబుల్ అంచుకు కాదు, కట్టర్ బ్లాకు షాఫ్టుకు కాదు, హ్యాండిల్ చక్రానికి అసలే కాదు. రందా మిషన్‌కు రెండు వైపులా పొడుగ్గా టేబుళ్లు ఉంటాయి కాబట్టి మనుషుల చెయ్యి సహజంగా అక్కడికే పోతుంది. అక్కడ పట్టి లేపితే టేబుళ్ల వరస తప్పుతుంది. ఆ తర్వాత ఆ మిషన్ మీద చిత్రిక పట్టిన చెక్క ఎప్పటికీ నిటారుగా రాదు, తప్పు కత్తులదని అనుకుంటూ నెలలు గడుపుతారు. బాడీకి ఎత్తే హుక్కులు ఉంటే వాటిని వాడండి, లేకపోతే స్టాండు కింద నుంచి బెల్టు వేయండి.

బెల్టు ఎంత బరువు మోస్తుంది? రంగుకు అర్థం ఉందా?

ఉంది. ఎత్తడానికి వాడే చదును బెల్టుల్లో ఊదా రంగు 1 టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3 టన్నులు. రంగు చూసి ఊరుకోకుండా కుట్టిన లేబుల్ కూడా చదవండి. లేబుల్ ఊడిపోయింది, అంచు కోసుకుపోయింది అంటే ఆ బెల్టును పక్కన పడేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కొత్తవి దొరుకుతాయి. ట్రాక్టర్ లాగిన పాత తాడుతో మిషన్ ఎత్తొద్దు.

బెల్టు వేసే కోణం చాలామంది పట్టించుకోరు. రెండు కాళ్ల బెల్టుతో 600 కిలోల మిషన్ ఎత్తుతున్నారనుకోండి. కాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో నిటారుగా ఉంటే ఒక్కో కాలు మీద సుమారు 350 కిలోలు పడతాయి. బెల్టు పొట్టిదై కాళ్లు 30 డిగ్రీలకు వెడల్పుగా వాలితే ఒక్కో కాలు మీద 600 కిలోలు పడతాయి, అంటే మిషన్ మొత్తం బరువు. పైగా రెండు కాళ్లూ మిషన్‌ను లోపలికి నొక్కుతాయి, రేకు మూతలు నలిగేది అందుకే. పొడుగు బెల్టు తెచ్చుకోండి. పదునైన బీడు అంచులు తగిలే చోట గోనె సంచి మడిచి పెట్టండి.

చైన్ పుల్లీ షెడ్డు దూలానికి వేలాడదీయొచ్చా?

వద్దు. రేకుల షెడ్డు పైన ఉన్న ఇనుప పైపులు రేకులను, గాలిని మోయడానికి వేసినవి. ఇంట్లో పాత టేకు దూలం ఎంత లావుగా ఉన్నా అది గోడలో ఎంత లోతు కూర్చుందో మీకు కనిపించదు. స్లాబుకు ఉన్న ఫ్యాన్ కొక్కెం ఫ్యాన్‌కే.

మూడు కాళ్ల స్టాండు వేసుకోండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. మూడు కాళ్లను కింద గొలుసుతో ఒకదానికొకటి కట్టాలి. నున్నటి బండల మీద కాళ్లు జారడమే దీని పెద్ద ప్రమాదం. మిషన్‌ను జానెడు ఎత్తితే చాలు, కిందికి స్కిడ్ (మిషన్‌ను కూర్చోబెట్టే దుంగలు) దూరుతుంది. ఎత్తిన మిషన్ కింద ఎవరూ ఏమీ వెతకకూడదు.

గడ్డపారతో, పైపులతో షెడ్డు లోపల ఎట్లా జరపాలి?

ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ముందుగా మిషన్‌ను రెండు బలమైన తుమ్మ లేదా మద్ది దుంగల మీద కూర్చోబెట్టి, మిషన్ కాళ్లకున్న రంధ్రాల్లోంచి బోల్టులతో దుంగలకు బిగించండి. దీన్నే స్కిడ్ అంటాం. దుంగలను మిషన్ వెడల్పు కంటే బయటికి రానివ్వండి, ఎందుకంటే ఎత్తు మిషన్లు పడేది పక్కకే. బరువంతా నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, కాళ్ల వెడల్పు 60 సెంటీమీటర్లే ఉంటే ఆ మిషన్ 18 డిగ్రీలు వాలగానే పడిపోతుంది. అడ్డంగా దుంగలు వేసి ఆ వెడల్పును 120 సెంటీమీటర్లు చేస్తే 33 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రెండు దుంగలతో వచ్చే తేడా ఇది.

లేపడానికి గడ్డపార. ఐదు అడుగుల గడ్డపారకు కొస నుంచి నాలుగు అంగుళాల దూరంలో ఆనిక పెడితే మీరు 30 కిలోల బలంతో నొక్కినా అవతల 420 కిలోలు లేస్తాయి. కొస జారిందంటే అదే బలం గడ్డపార రూపంలో మీ గడ్డం మీదికి తిరిగొస్తుంది. కాబట్టి గడ్డపారకు పక్కన నిలబడండి. దాన్ని కాళ్ల మధ్య పెట్టుకోవద్దు, మీదికి వంగొద్దు. అంగుళం లేపితే అంగుళం ప్యాకింగ్ చెక్క దూర్చండి, చేత్తో కాదు, ఇంకో చెక్కతో నెట్టండి. ఒక వైపు రెండు అంగుళాలు, ఇంకో వైపు సున్నా ఉండేలా ఎప్పుడూ లేపొద్దు.

తర్వాత స్కిడ్ కింద పైపులు. అంగుళంన్నర, రెండు అంగుళాల లావు జీఐ పైపులు బాగుంటాయి. ఎప్పుడూ మూడు పైపులు కింద ఉండాలి, నాలుగోది ముందు వేయడానికి. వెనక విడుదలైన పైపును తీసి ముందు వేసే మనిషి దాని కొసలో వేళ్లు పెట్టకూడదు, పైపు చుట్టూ పిడికిలి బిగించకూడదు. అరచేత్తో పక్క నుంచి నెట్టాలి. వేళ్లు నలిగేది ఎక్కువగా ఇక్కడే. మలుపు తిరగాలంటే ముందు పైపును సుత్తితో తట్టి కొంచెం ఏటవాలు చేయండి, మిషన్ దానంతటదే అటు తిరుగుతుంది.

మన షెడ్లలో షాబాద్ బండల సందుల్లో పైపు పడి ఆగిపోతుంది. అప్పుడు అందరూ కలిసి తోస్తారు, సందు దాటగానే మిషన్ ఒక్కసారిగా ఉరుకుతుంది. దారి పొడవునా పాత ప్లైవుడ్ ముక్కలు పరిస్తే ఈ గొడవే ఉండదు.

ఇంకో మాట. బరువు లాగేటప్పుడు ‘హైలెస్సా’ అంటూ అందరూ ఒకేసారి ఊపు ఇవ్వడం మనకు అలవాటు. బురదలో దిగబడ్డ బండిని లాగడానికి అది సరైనదే. పైపుల మీదున్న మిషన్‌కు ఊపు ఇస్తే దాన్ని ఆపేది ఉండదు. మెల్లగా, ఆగకుండా తోయాలి. ఒక్కడే మాట చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ‘ఆగు’ అనే మాట మాత్రం ఎవరైనా అనొచ్చు, ఆ మాట వినగానే అందరూ ఆగాలి.

మిషన్ ఒరుగుతుంటే ఏం చేయాలి?

వదిలేయండి. వెనక్కి జరగండి.

ఈ జవాబు చిన్నదే కానీ పేజీ మొత్తంలో మేం అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. బ్యాండ్‌సా గడప దాటుతోందనుకోండి. గడప రెండు అంగుళాలు ఎత్తుంది. ముందు కొస గడప ఎక్కింది, వెనక పైపు జారింది, పై చక్రం అటు వాలింది. పక్కనున్న కుర్రవాడు రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకోబోతాడు. ధైర్యం చూపడానికి కాదు, చెయ్యి దానంతటదే పోతుంది. 400 కిలోలు వాలడం మొదలయ్యాక నలుగురు పట్టుకున్నా ఆగదు. వాళ్లు దాని కిందే ఉంటారు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఈ మాట అందరికీ నోటితో చెప్పండి: మిషన్ పడితే పడనీ, ఎవరూ పట్టుకోవద్దు. యజమాని స్వయంగా చెప్పాలి. హమాలీలు మిషన్ పాడైతే తమ మీదికి వస్తుందని భయపడి పట్టుకుంటారు. ఆ భయం యజమాని మాటతోనే పోతుంది. అట్లాగే ప్రతి మనిషికీ వెనక్కి తప్పుకునే దారి ఉండాలి. గోడకూ మిషన్‌కూ మధ్య ఎవరినీ నిలబెట్టొద్దు.

చెప్పుల్లేకుండా, హవాయి చెప్పులతో వచ్చినవాళ్లను ఈ పనికి దింపొద్దు. రెండు మూడు జతల సేఫ్టీ బూట్లు కార్ఖానాలో ఉంచుకోండి. ఎవరైనా కింద చిక్కుకుంటే ముందు 108కి ఫోన్ చేయించి, ఎంతసేపటి నుంచి చిక్కుకున్నాడో చెప్పండి. జాకీతో కొద్దికొద్దిగా లేపుతూ ప్యాకింగ్ వేయండి. గబగబా లేపితే మళ్లీ అతని మీదే పడుతుంది.

డీసీఎం నుంచి, ట్రాక్టర్ ట్రాలీ నుంచి పలకల మీద దించొచ్చా?

చిన్న మిషన్ అయితే దించొచ్చు. పలక ఎంత పొడుగుంటే అంత మంచిది. ట్రాలీ మూడు అడుగుల ఎత్తుండి తొమ్మిది అడుగుల పలకలు వేస్తే 500 కిలోల మిషన్ కిందికి లాగే బలం సుమారు 165 కిలోలు. పన్నెండు అడుగుల పలకలు వేస్తే 125 కిలోలు. రెండింటిలోనూ మనుషులు కింద నిలబడి ఆపలేరు, కింద నిలబడనే కూడదు. పైన ట్రాలీ ముందు భాగానికి చైన్ పుల్లీ కట్టి, మిషన్‌ను వెనక నుంచి పట్టుకుని లింకు లింకుగా వదలాలి. వాలు మీద పైపులు వాడొద్దు, స్కిడ్ పలక మీద రాసుకుంటూ దిగడమే క్షేమం. మధ్యలో పలక వంగకుండా కింద రాళ్లో దుంగలో పెట్టండి.

మంచి ఉపాయం ఒకటుంది. ట్రాలీని వెనక్కి తెచ్చి ఏదైనా మొరం గట్టుకు ఆనించండి, లేదా వెనక చక్రాలు దిగేలా చిన్న గుంతలు తీయండి. అడుగు ఎత్తు తగ్గినా వాలు చాలా తగ్గుతుంది. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టడం మరిచిపోవద్దు. ఖాళీ అవుతున్న బండి ముందుకు కదిలిందంటే పలకలు జారిపోతాయి.

దారిలో కట్టడానికి నైలాన్ తాడు ఒక్కటే నమ్ముకోవద్దు, అది సాగుతుంది. రాచెట్ బెల్టులతో నాలుగు వైపులకూ కట్టి, పది పదిహేను కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి మళ్లీ బిగించండి. హైవే మీద కంటే ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల దగ్గరే కట్లు వదులవుతాయి.

మా షెడ్డులో షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. వాటి మీదే బోల్టులు వేయొచ్చా?

వేయొద్దు. బండ కింద ఇసుక, దాని కింద మొరం. బోల్టు బండను పట్టుకుంటుంది, బండను ఏదీ పట్టుకోదు. బిగిస్తుంటేనే బండ చీలుతుంది, చీలకపోతే కొన్నాళ్ల అదురుకు చీలుతుంది. తాండూరు బండలదీ ఇదే కథ. మిషన్ కూర్చునే మేర, చుట్టూ అరడుగు ఎక్కువగా బండలు తీసేసి కాంక్రీటు దిమ్మె పోయండి. గట్టి కాంక్రీటు ఫ్లోరింగ్ ఇదివరకే ఉండి, ఆరు అంగుళాల మందం ఉందని మీకు తెలిస్తే నేరుగా బోల్టులు వేయొచ్చు. రెండు అంగుళాల పైపూత చూసి ఫ్లోరింగ్ ఉందనుకోవద్దు. మూలలో ఒక చోట డ్రిల్ చేసి చూస్తే తెలుస్తుంది.

దిమ్మె ఎంత లోతు, ఎంత వెడల్పు పోయాలి?

చిన్న వడ్రంగి మిషన్లకు దిమ్మె బరువు మిషన్ బరువుకు రెండు మూడు రెట్లు ఉంటే అదురు బాగా తగ్గుతుంది. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు. 1.2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పు, 0.3 మీటర్ల లోతు దిమ్మె దాదాపు 780 కిలోలు తూగుతుంది. 300 కిలోల సర్క్యులర్ సాకు ఇది బాగా సరిపోతుంది. కలిపే పాళ్లు ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు దొడ్డు ఇసుక, మూడు పాళ్లు కంకర. నీళ్లు ఎక్కువ పోసి జారుగా చేస్తే మేస్త్రీకి సులువే, దిమ్మెకు బలం పోతుంది.

ఎర్ర చెల్క నేలలు, మొరం నేలలు అయితే తవ్వి, తడిపి, దిమ్మిసతో కొట్టి పోస్తే చాలు. నల్లరేగడి అయితే జాగ్రత్త. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. అందులో నేరుగా పోసిన దిమ్మె ఏడాది తిరిగేసరికి ఒక మూల లేస్తుంది. రేగడిని కనీసం రెండడుగులు తీసేసి, మొరం పొరలు పొరలుగా వేసి తడిపి కొట్టి, దాని మీద దిమ్మె పోయండి. రేగడి మరీ లోతుగా ఉంటే సివిల్ ఇంజనీర్‌ను ఒకసారి పిలిచి చూపించండి. షెడ్డు చూరు నీళ్లు దిమ్మె పక్కన ఇంకకుండా కాలువ కూడా తీయండి.

పాత మిషన్ల కాళ్ల రంధ్రాలు ఒక వరసలో ఉండవు. దిమ్మె పోసేటప్పుడే బోల్టులు పాతితే తర్వాత కలవవు. నాలుగు అంగుళాల చదరపు గుంతలు వదిలి పోయండి. దిమ్మె గట్టిపడ్డాక మిషన్ పైన పెట్టి, ఫౌండేషన్ బోల్టులు ఆ గుంతల్లోకి వేలాడదీసి, మట్టం చూసుకుని అప్పుడు నింపండి.

దసరాకు పూజ చేసి మొదలుపెట్టాలి. ఎన్ని రోజుల ముందు పోయాలి?

నాలుగు వారాల ముందు పోస్తే ఏ బెంగా ఉండదు, ఎందుకంటే కాంక్రీటు పూర్తి బలం 28 రోజుల లెక్క. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటుకు 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. నల్లగొండ ఏప్రిల్, మే ఎండల్లో అయితే 10 నుంచి 14 రోజులు. గోనె సంచులు పరిచి రోజుకు రెండు మూడు సార్లు తడపండి.

టైం లేదంటే పండుగ రోజు మిషన్‌ను దిమ్మె పక్కన పెట్టి పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజ చేసుకోండి. పూజకు మిషన్ నడవాల్సిన అవసరం లేదు. ముహూర్తం దాటిపోతుందని పచ్చి దిమ్మె మీద బోల్టులు బిగిస్తే అవి ఊడివస్తాయి.

గట్టి ఫ్లోరింగ్‌లో ఏ బోల్టు వాడాలి?

హార్డ్‌వేర్ దుకాణంలో యాంకర్ ఫాస్టెనర్ అని అడగండి, బిగించేకొద్దీ రంధ్రంలో వెడల్పై పట్టుకునే బోల్టు అది. మామూలు కార్ఖానా మిషన్లకు 12 మిల్లీమీటర్లది సరిపోతుంది. ఏ సైజు బిట్టు, ఎంత లోతు అన్నది కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద రాసి ఉన్నదే పాటించండి. కాంక్రీటు అంచుకు కనీసం ఐదు అంగుళాల లోపల ఉండాలి, లేకపోతే అంచు పగులుతుంది. హ్యామర్ డ్రిల్‌తో రంధ్రం చేశాక లోపలి పొడిని ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోదు. కళ్లద్దాలు పెట్టుకుని ఊదండి.

అదురు ఎక్కువ ఉండే మిషన్‌కు, అంచు దగ్గర బిగించాల్సిన చోట కెమికల్ యాంకర్ మేలు. అది జిగురులా గట్టిపడి పట్టుకుంటుంది, రంధ్రం గోడలను బయటికి నొక్కదు. గట్టిపడే టైం ప్యాకెట్ మీద ఉంటుంది, ఆ లోపల ముట్టుకోవద్దు.

మట్టం ఎట్లా చూడాలి?

మొదట మట్టం, తర్వాత బిగింపు. చాలాచోట్ల తిరగేసి చేస్తారు: నాలుగు బోల్టులూ గట్టిగా బిగించి, మట్టం రాని మూలను ఇంకా గట్టిగా బిగించి కిందికి లాగుతారు. బీడు స్టాండు అప్పుడు మెలి తిరుగుతుంది. నేల ఎట్లా వంకరుందో టేబుల్ కూడా అట్లాగే వంకరవుతుంది.

బోల్టులు వదులుగా ఉంచి, టేబుల్ మీద రసమట్టం పొడుగునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి చూడండి. ఏ కాలు తేలుతుందో దాని కింద ఇనుప రేకులు దూర్చండి, సరిగ్గా బోల్టు పక్కనే రెండు వైపులా. చెక్క ముక్కలు వద్దు, ఎండుతాయి, నలుగుతాయి. నాలుగు కాళ్లూ రేకుల మీద నిండుగా ఆనాక బోల్టులు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి. బిగిస్తున్నప్పుడు రసమట్టంలో బుడగ కదిలిందంటే ఆ కాలు కింద ఇంకా ఖాళీ ఉందని అర్థం. వదులు చేసి మళ్లీ రేకు వేయండి. ఈ పనికి సగం రోజు పట్టినా పట్టనీయండి, తర్వాత ఏళ్ల తరబడి చెక్క నిటారుగా వస్తుంది.

అన్ని మిషన్లకూ బోల్టులు కావాలా? రబ్బరు ప్యాడ్లు సరిపోవా?

వెడల్పు స్టాండు ఉండి, బాగా బరువున్న తిక్‌నెస్ ప్లేనర్ గట్టి నేల మీద రబ్బరు ప్యాడ్లతోనే నిలుస్తుంది, కంపెనీ పుస్తకంలో బోల్టు వేయమని లేకపోతే. బ్యాండ్‌సా ఎత్తు మిషన్ కాబట్టి దానికి బోల్టు తప్పదు. సర్క్యులర్ సాకూ తప్పదు, పొడుగు చెక్క తోసినప్పుడు కదిలితే చెయ్యి బ్లేడు వైపు పోతుంది. లేత్ మీద మంచం కాళ్లు తిప్పేవాళ్లకు ఇబ్బంది తక్కువ. వంకర మొద్దు ఎక్కించి గిన్నెలు తిప్పేవాళ్లు బోల్టు వేయాలి, కింది అరలో ఇసుక సంచులు కూడా పెట్టుకోవాలి.

మిషన్ ఎక్కడ పెట్టాలో ముందు ఎట్లా తేల్చుకోవాలి?

నేల మీద సుద్దతో గీసి చూడండి. దర్వాజ చౌకట్లకు ఏడెనిమిది అడుగుల చెక్కలు కోస్తారు, అంటే బ్లేడుకు ముందు ఎనిమిది, వెనక ఎనిమిది అడుగులు, పైగా మనిషి నిలబడే చోటు. షెడ్డు చిన్నదైతే మిషన్‌ను దర్వాజకు ఎదురుగా పెడితే చెక్క బయటికి పోతుంది. కానీ సర్క్యులర్ సా వెనక్కి తన్నినప్పుడు చెక్క దూసుకొచ్చే వరసలో నడకదారి, టీ తాగే బల్ల ఉండకూడదు. దిమ్మె పోశాక మనసు మార్చుకోవడం కష్టం కాబట్టి సుద్ద గీతల మధ్య నిజంగానే ఒక చెక్క పట్టుకుని నడిచి చూడండి.

కొత్త చోట కరెంటు కలిపేటప్పుడు ఏం చూడాలి?

మోటారు ఎటు తిరుగుతుందో చూడాలి. త్రీఫేజ్ వైర్ల వరస పాత షెడ్డులో ఒకలా, ఇక్కడ ఇంకోలా ఉండొచ్చు. సర్క్యులర్ సా తిరగబడి తిరిగితే బ్లేడు నట్టు వదులై ఊడిపోతుంది. బ్లేడు, బెల్టు వేయకముందే స్టార్టర్ ఒక్క క్షణం నొక్కి వదిలి, పుల్లీ తిరిగే వైపు చూడండి. తప్పైతే సప్లై ఆపించి మూడింటిలో ఏ రెండు ఫేజులు మార్చినా సరిపోతుంది. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు ఉండాలి, నీళ్ల పైపుకు కట్టిన తీగ ఎర్త్ కాదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కొత్త షెడ్డుకు త్రీఫేజ్ సర్వీసు లేకపోతే కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌కు ముందే దరఖాస్తు పెట్టుకోండి.

సామిల్లు మిషన్ కూడా ఇట్లాగే మార్చుకోవచ్చా?

పని పద్ధతి ఇదే, కాగితాలు వేరు. సామిల్లు లైసెన్సు ఆ స్థలానికే ఇస్తారు. మిషన్ ఊడదీయకముందే అటవీ శాఖ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి.

బిగించాక మొదటిసారి నడిపేటప్పుడు?

ముందు ఖాళీగా నడపండి. టేబుల్ మీద ఒక నాణెం నిలబెట్టి చూడటం పాత అలవాటు, పనికొచ్చేదే. అదురు పెరిగిందంటే బోల్టు కంటే ముందు బ్లేడు, పుల్లీ, బెల్టు చూడండి, ఎందుకంటే అక్కడి తప్పును బోల్టు దాచలేదు. మరుసటి రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి నట్లు మళ్లీ చూడండి. నట్టుకూ కాలుకూ కలిపి రంగుతో ఒక గీత గీస్తే వదులైనప్పుడు దూరం నుంచే కనిపిస్తుంది.

మాది అద్దె షెడ్డు. నేల పాడు చేయొద్దని ఓనర్ అంటున్నారు.

రెండు దారులున్నాయి. ఓనర్ ఒప్పుకుంటే నేలకు సమంగా లోపలే ఉండిపోయే డ్రాప్ ఇన్ యాంకర్లు వేయించండి. ఖాళీ చేసేటప్పుడు బోల్టు విప్పి రంధ్రంలో సిమెంటు నింపితే కాలికి తగిలేది ఏమీ మిగలదు. ఒప్పుకోకపోతే ఇనుప ఛానెల్‌తో మిషన్ కంటే బాగా వెడల్పైన ఫ్రేము చేయించి, మిషన్‌ను దానికి బోల్టు చేసి, ఫ్రేము కింద రబ్బరు ప్యాడ్లు వేయండి. ఆ ఫ్రేము చివరల మీద ఇసుక సంచులో, పాత బీడు బరువులో ఉంచితే మిషన్ కదలదు. ఫ్రేము మూలలు నడిచే దారిలోకి రాకుండా చూసుకోండి, వచ్చేచోట పసుపు రంగు వేయండి.